మాల తీసిన రోజే సిగరెట్ ఎందుకు వెలుగుతుంది?

కార్తీకమాసం వస్తే మా కాలవ రేవుల్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. చలికి వణుకుతూ, శరణు చెప్పుకుంటూ నల్లబట్టల స్వాములు నీళ్ళలో మునుగుతుంటారు. పదకొండేళ్ళపాటు ఆ గుంపులో మా మావయ్య కూడా ఉన్నారు. పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఆయన పని. మామూలు రోజుల్లో రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవారు, చేతికందితే చుట్ట కూడా. మాల వేసుకున్న ఉదయం నుంచి ఒక్కటీ ముట్టేవారు కాదు. మొదటి నాలుగైదు రోజులు ముభావంగా ఉండేవారు, అంతే. 41 రోజులు గడిచిపోయేవి.

జ్యోతి చూసి, శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసేవారు. మామూలు చొక్కా తొడుక్కుని లాకుల దగ్గర టీ కొట్టుకు వెళ్ళేవారు. గంట తిరక్కుండానే సిగరెట్ వెలిగేది.

మా అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "దేవుడి మాటకున్న విలువ నా మాటకు లేదు" అనేది. ఊళ్ళోవాళ్ళు "మనసు గట్టిది కాదు పాపం" అనేవారు. మావయ్య కూడా తన గురించి అదే నమ్మేవారు. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ సబబుగా తోచలేదు. మనసు గట్టిది కాకపోతే 41 రోజులు ఎలా ఉండగలిగారు? గట్టిదే అయితే 42వ రోజు ఏమైంది? మనిషీ ఆయనే, మనసూ ఆయనదే. మధ్యలో మారింది ఇంకేదో ఉంది.

మనుషుల అలవాట్లు ఎలా మారతాయన్న దాని మీద డెబ్భై ఏళ్ళుగా పరిశోధకులు సిద్ధాంతాలు కడుతున్నారు. పొగ మానడం వాళ్ళు ఎక్కువగా పరిశీలించిన విషయాల్లో ఒకటి. అయితే ఒక సిద్ధాంతం చెప్పింది ఇంకోటి కాదంటుంది, చదివేవాళ్ళకు అంతా చిక్కుపడినట్టు ఉంటుంది. మన ప్రాంతంలో ప్రతి ఏడాదీ కళ్ళెదుట జరిగే ఈ మాల సంగతినే కొసగా పట్టుకుని ఆ చిక్కు విప్పి చూద్దాం.

ప్రమాదమని తెలిస్తే చాలా?

మొట్టమొదటి ఆలోచన అందరికీ తట్టేదే: ప్రమాదమని తెలిస్తే మానేస్తారు. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య సర్వీసులో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే కాస్త పద్ధతిగా చెప్పారు. ఆ జబ్బు నాకూ రావచ్చు, వస్తే తీవ్రంగా ఉంటుంది, ఈ పని చేస్తే తప్పించుకోగలను, చేయడానికి పడే కష్టం కన్నా లాభం ఎక్కువ. ఇవన్నీ మనిషి నమ్మినప్పుడే కదులుతాడన్నారు. దీనికి ఆరోగ్య విశ్వాస నమూనా అని పేరు.

సిగరెట్ పెట్టె మీద కనిపించే భయంకరమైన బొమ్మ వెనుక ఉన్నది ఈ ఆలోచనే. మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి పెట్టెకు రెండువైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలి. అది అవసరమే. కానీ మన బడ్డీ కొట్ల దగ్గర పెట్టె కొనేవాళ్ళెంతమంది? ఒక్కటి, రెండు అంటూ లూజుగా కొంటారు. కొట్టతను పెట్టెలోంచి తీసిస్తాడు, అక్కడే వేలాడే లైటరుతో వెలిగించుకుంటారు. బొమ్మ కొట్టతనికే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. 2016-17లో దేశమంతటా జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో, పొగ తాగేవాళ్ళలో 55.4 శాతం మంది మానేయాలన్న ఆలోచనలోనో సన్నాహంలోనో ఉన్నామని చెప్పారు. అంటే సగానికి పైగా జనానికి మానాలనే ఉంది. అలాంటివాళ్ళకు "పొగ తాగితే కేన్సర్ వస్తుంది" అని మళ్ళీ మళ్ళీ చెప్పడం, నడిగోదారిలో మునుగుతున్నవాడికి ఒడ్డున నిలబడి "అక్కడ లోతెక్కువ" అని అరవడం లాంటిది.

అయినా చెప్పవలసిన వాస్తవం ఒకటుంది, అది ఆశ పుట్టించేది. "ఇన్నేళ్ళు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం" అనే మాట మన పెద్దవాళ్ళ నోట తరచుగా వింటాం. బ్రిటన్ వైద్యులను 50 ఏళ్ళపాటు గమనించి 2004లో ప్రకటించిన అధ్యయనం దీనికి సూటిగా జవాబు చెబుతుంది. 60 ఏళ్ళకు మానినవాళ్ళకు, మానకుండా తాగుతూ ఉన్నవాళ్ళ కన్నా సుమారు 3 ఏళ్ళ ఆయుష్షు ఎక్కువ. 50 ఏళ్ళకు మానితే 6 ఏళ్ళు, 40కి మానితే 9, 30కి మానితే 10. భయపెట్టే బొమ్మ కన్నా ఈ లెక్క ముందు వినిపించాలని నా అభిప్రాయం.

టెన్షన్ తగ్గిస్తుందనే భ్రమ

సిద్ధాంతాల్లోకి వెళ్ళేముందు నికోటిన్ గురించి రెండు మాటలు. సిగరెట్ పొగ లోపలికి పీల్చాక 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అప్పటి నుంచి చిరాకు, మనసు నిలవకపోవడం, ఏదో వెలితి. మళ్ళీ ఒక దమ్ము లాగితే అది సర్దుకుంటుంది. దీన్నే జనం "టెన్షన్ తగ్గింది" అంటారు. నిజానికి తగ్గింది ముందు సిగరెట్ తెచ్చిపెట్టిన టెన్షనే. చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, పొగ మానిన కొన్ని వారాల తర్వాత ఆందోళన, దిగులు తగ్గుతాయనే తేలింది. మా మావయ్యతో ఎవరూ ఈ ఒక్క మాట చెప్పలేదు. చెరువులో రొయ్య తేలుతుందేమోనన్న భయానికి సిగరెట్టే మందని ఆయన పాతికేళ్ళు నమ్మారు.

మానిన మొదటి రెండు మూడు రోజులు అన్నిటికన్నా కష్టం. ఆ తర్వాత ఇబ్బంది తగ్గుతూ వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో శరీరం చాలావరకు కుదుటపడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మాల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ కావాలి.

చుట్ట తాగేవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టకు పెట్టింది పేరు. పొగాకు పరిశోధనకు కేంద్ర ప్రభుత్వ సంస్థ 1947లో రాజమండ్రిలో వెలిసింది. పొగాకు మన నేలలో, మన ఇళ్ళలో అంత పాతుకుపోయిన పంట. "చుట్ట పొగ నేను మింగనుగా, నోట్లోనే ఉంచి వదిలేస్తా" అంటారు మన తాతలు. చుట్ట పొగ గుణం సిగరెట్ పొగ లాంటిది కాదు, దానికి క్షార గుణం ఎక్కువ. అందువల్ల మింగకపోయినా నోటి లోపలి చర్మం గుండానే నికోటిన్ రక్తంలోకి దిగుతుంది. అలవాటు అంతే బలంగా పట్టుకుంటుంది, నోటి కేన్సర్ ముప్పు ఉండనే ఉంది.

మెట్లు ఎక్కితేనే మారతారా?

1983లో జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఎవరి సాయమూ లేకుండా తమంతట తాము పొగ మానుకుంటున్నవాళ్ళను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. మార్పు ఒక్క రోజున జరిగేది కాదని, దశలుగా నడిచే ప్రయాణమని వాళ్ళు చెప్పారు. ఆ దశలను మన కొట్ల దగ్గర వినిపించే మాటల్లోనే చెప్పుకోవచ్చు. "నాకేంటండీ, ఉక్కులా ఉన్నాను" అనేవాడికి మానే ఆలోచనే లేదు. "ఆయ్, మానాలనే ఉందండీ, చూద్దాం" అనేవాడు ఊగిసలాటలో ఉన్నాడు. "వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళిచూపుల్లోగా మానేస్తా" అని రోజు చూసుకున్నవాడు సన్నాహంలో ఉన్నాడు. మానేశాక ఆరు నెలల వరకు ఆచరణ దశ, అది దాటాక నిలకడ. మధ్యలో జారిపోతే మళ్ళీ వెనక్కి వచ్చి ఎక్కవచ్చు.

ఈ నమూనా ప్రపంచమంతటా ఆస్పత్రుల్లో, శిక్షణ తరగతుల్లో పాకిపోయింది. చెప్పడం తేలిక, వినగానే నిజమనిపిస్తుంది. దీని వల్ల ఒక మేలు కూడా జరిగింది: ఊగిసలాటలో ఉన్నవాణ్ణి తిట్టకూడదని వైద్యులకు తెలిసింది.

ఆ తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. 2005లో రాబర్ట్ వెస్ట్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఈ నమూనాకు ఇక విశ్రాంతి ఇవ్వాలని ఘాటుగానే రాశారు. ఆరు నెలలు, నెల రోజులు అంటూ గీసిన గీతలకు ఆధారం లేదన్నారు. 2010లో అనేక ప్రయోగాలను కలిపి సమీక్షిస్తే, మనిషి ఏ దశలో ఉన్నాడో చూసి దానికి తగ్గట్టు ఇచ్చిన సలహా, అలా చూడకుండా ఇచ్చిన సలహా కన్నా ఎక్కువ ఫలితమేమీ ఇవ్వలేదని తేలింది. వెస్ట్, మరో సహచరుడు కలిసి 2006లో ప్రకటించిన సర్వేలో ఇంకా ఆశ్చర్యం ఉంది. మానడానికి చేసిన ప్రయత్నాల్లో దాదాపు సగం ముందు అనుకున్నవి కావు. ఉన్నట్టుండి చేతిలో పెట్టె పారేసి మానినవే. పైగా వాటిలోనే ఆరు నెలలు నిలిచినవాళ్ళు ఎక్కువ.

మన అనుభవమూ ఇదే కదా. మనవడు పుట్టిన రోజున మానినవాళ్ళు, పక్కింటాయన గుండెపోటుతో పోయిన రాత్రి మానినవాళ్ళు మనకు ప్రతి వీధిలో కనిపిస్తారు. వాళ్ళు ఏ మెట్లూ ఎక్కలేదు, ఒక్క ఉదుటున గట్టెక్కారు. దశల నమూనా ఎదుటి మనిషితో ఎలా మాట్లాడాలో చెప్పే గుర్తుగా పనికొస్తుంది గానీ, "నువ్వింకా ఆ మెట్టు దగ్గరికి రాలేదు, తర్వాత కనపడు" అనడానికి వాడితే అన్యాయం. ఊగుతున్నవాడికి కూడా ఈరోజే సాయం అందించాలి.

మాల ఏం చేస్తుంది?

2011లో సుసాన్ మిచీ, రాబర్ట్ వెస్ట్, మార్‌ట్యె వాన్ స్ట్రాలెన్ కలిసి ఒక నమూనా ప్రతిపాదించారు. అప్పటికి ఉన్న 19 పద్ధతులను పరిశీలించి, వాటి సారం తీసి చేసినది. ఏ పని జరగాలన్నా మూడు కావాలంటారు: చేయగల సామర్థ్యం, చేయడానికి అవకాశం, చేయాలన్న ప్రేరణ. మూడింటిలో ఏది లోపించినా పని జరగదు. మన ఇళ్ళలో పొగ తాగేవాణ్ణి నిందించేటప్పుడు మూడోదాన్నే, అందులోనూ ఒక ముక్కనే, పట్టుకుంటాం. మాల మూడింటినీ ఒకేసారి సరిచేస్తుంది. ఎలాగో చూడండి.

ముందు అవకాశం. మాల వేసుకున్న మనిషికి ఊరంతా దారి మారిపోతుంది. టీ కొట్టుకు బదులు పీఠం. రాత్రి కబుర్లకు బదులు భజన. స్నేహితులు సిగరెట్ చాచడం మాట అటుంచి, స్వామి ఎదురైతే తమ చేతిలోది దాచుకుంటారు. ఇంట్లో వేరే వంట, వేరే గ్లాసు, వేరే పడక. సిగరెట్‌ను గుర్తుచేసే వస్తువులు, వేళలు, మనుషులు ఒక్కసారిగా పక్కకు జరుగుతాయి. ఇదంతా ఆ మనిషి తెచ్చుకున్న మనోబలం కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు కలిసి కట్టిన గట్టు.

తర్వాత ప్రేరణ. ఇందులో మనం తెలిసి ఆలోచించేది కొంత, తెలియకుండా లాగేది కొంత ఉంటాయి. మాలలో ఉన్న మనిషిని పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ ఆయన "స్వామి". రోజుకు వందసార్లు ఆ పిలుపు వింటుంటే, తనెవరో తనకే కొత్తగా తెలుస్తుంది. "సిగరెట్ మానడానికి ప్రయత్నిస్తున్నాను" అనడం వేరు, "నేను స్వామిని, తాగను" అనడం వేరు. మొదటి దాంట్లో ప్రతి గంటా ఒక యుద్ధం. రెండో దాంట్లో ఆ ప్రశ్నే రాదు.

ఇక సామర్థ్యం. నియమం స్పష్టంగా ఉంటుంది: పూర్తిగా మానాలి. రోజుకు నాలుగు, పండక్కి రెండు అనే లెక్కలుండవు. "తగ్గించుకుంటూ మానేస్తా" అనేవాళ్ళకు ఇది ఆలోచించదగిన విషయం. ఇంగ్లండులో 697 మంది మీద జరిగి 2016లో వెలువడిన ప్రయోగంలో, అనుకున్న రోజున ఒక్కసారిగా మానినవాళ్ళలో 49 శాతం నాలుగు వారాలు నిలిచారు. రెండు వారాలపాటు తగ్గించుకుంటూ వచ్చి మానినవాళ్ళలో నిలిచింది 39.2 శాతం.

మాల ఒంటరిగా వేసుకునేవాళ్ళు తక్కువ, జట్టుగా వేసుకుంటారు. దీని విలువ కూడా చిన్నది కాదు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి పరిశోధనలో 12,067 మందిని 1971 నుంచి 2003 దాకా గమనించారు. అందులో మనుషులు ఒక్కొక్కరుగా కన్నా గుంపులు గుంపులుగా పొగ మానారని 2008లో తేలింది. భార్య గాని భర్త గాని మానితే, రెండోవాళ్ళు పొగ తాగే అవకాశం 67 శాతం తగ్గింది.

ఇది ఒక మతానికే సంబంధించిన సంగతి కాదు. రంజాన్ నెలలో తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా పొగ ముట్టని సోదరులు, శ్రమదినాల్లో సిగరెట్ వదిలేసే విశ్వాసులు మన డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకు పనిచేసేవీ ఈ మూడే.

42వ రోజు

ఇప్పుడు ఇందాకటి లెక్క గుర్తుచేసుకోండి. శరీరం కుదుటపడడానికి ఎక్కువలో ఎక్కువ నాలుగు వారాలు. మాల 41 రోజులు. అంటే మాల తీసే నాటికి ఒంట్లో నికోటిన్ కోసం పడే యాతన చాలావరకు తీరిపోయి ఉంటుంది. మావయ్య ఆ రోజు వెలిగించిన సిగరెట్ ఒళ్ళు అడిగి వెలిగించింది కాదు. ఆ టీ కొట్టు, ఆ బల్ల, ఆ పొద్దుటి పూట, ఆ మనుషులు కలిసి వెలిగించింది.

మాల తీయగానే గట్టు ఒక్కసారి తెగుతుంది. స్వామి అనే పిలుపు పోయి పాత పేరు వస్తుంది. దానితోపాటు పాత మనిషీ తిరిగొస్తాడు. నియమానికి ముందే గడువు ఉంది కాబట్టి, లోపల ఎక్కడో మనసు ఆ రోజు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. పైగా మన దగ్గర జ్యోతికి వెళ్ళొచ్చేవాళ్ళు ఊళ్ళో దిగే వేళ ఎలాంటిదో చూడండి. సంక్రాంతి. హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి వచ్చిన బావమరుదులు ఇంకా ఇళ్ళలోనే ఉంటారు. కోడిపందేల కబుర్లు, విందులు, చేతిలో నాలుగు డబ్బులు. మానిన మనిషికి అన్నిటికన్నా గట్టి పరీక్ష పెట్టే వారంలోనే మనం ఆయన మెడలోంచి మాల తీస్తున్నాం. దీని గురించి ఊళ్ళో ఎవరూ ఆలోచించరు. నాకు ఇదే బాధ.

అలన్ మార్లట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల్లో జారడానికి, పడిపోవడానికి తేడా చెప్పారు. ఒక సిగరెట్ తాగడం జారడం. "ఇక నా వల్ల కాదు, అంతా పోయింది" అనుకుని పెట్టె కొనడం పడిపోవడం. మొదటిదాన్నుంచి రెండోదానికి తోసేది నికోటిన్ కన్నా ఎక్కువగా సిగ్గే అంటారాయన. వరినాటు వేసేటప్పుడు బురదలో కాలు జారినవాడు లేచి మళ్ళీ వంగుతాడు, ఆ రోజుకు పని మానేసి ఇంటికి పోడు. పొగ దగ్గర మాత్రం ఒక్కసారి జారినవాణ్ణి ఇంట్లోవాళ్ళం "చూశావా, నేను ముందే అన్నాను" అంటాం. ఆ మాట అతని చేతికి రెండో సిగరెట్ అందిస్తుంది.

ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన మరో సంగతి మాల వేసేవాళ్ళందరూ వినాలి. నేను చేయగలను అనే నమ్మకం ఉపన్యాసాల వల్ల కన్నా, తను స్వయంగా చేసి చూసిన అనుభవం వల్లే ఎక్కువగా వస్తుందన్నారు. పదకొండు మాలలంటే 451 రోజులు. ఏడాదికి పైగా పొగ లేకుండా బతికిన మనిషి మా మావయ్య. ఆయన దాన్ని దేవుడి ఖాతాలో వేసి, 42వ రోజును మాత్రం తన ఖాతాలో రాసుకున్నారు. దేవుడి మీద భక్తి ఉండనివ్వండి. కానీ ఆ 41 రోజులు సిగరెట్ ముట్టనిది మీ చేయే కదా అని ఎవరైనా ఒకసారి అడిగి ఉండవలసింది.

గట్టు మళ్ళీ ఎలా కట్టుకోవాలి?

జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ఒక చిన్న ఉపాయం గురించి రాశారు. "మానేస్తాను" అనే సంకల్పానికి, "ఫలానా చోట ఫలానాది ఎదురైతే ఫలానా పని చేస్తాను" అనే మాట జోడించాలి. తర్వాత 2006లో ఇలాంటి 94 పరీక్షలను కలిపి చూస్తే ఉత్త సంకల్పం కన్నా ఇది బాగా పనిచేసిందని తేలింది. ఇందులో కిటుకు, ఆలోచించే ఓపిక లేని క్షణంలో ఏం చేయాలో ముందే తేల్చి పెట్టుకోవడం.

ఇది మన పనులకు తగ్గట్టు ఉండాలి. పట్నం వాళ్ళ కోసం రాసిన సలహాలు చెరువుగట్టు మీద పనికిరావు. నర్సాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం నిలబడినప్పుడు చేయి జేబులోకి వెళ్ళేవాడు "పంటు ఆలస్యమైతే వేరుశనగలు కొనుక్కుంటా" అని ముందే అనుకోవాలి. రాత్రి రెండింటికి చెరువులో ఏరేటర్లు చూసొచ్చి గుడిసెలో కూర్చునేవాడు "కూర్చోగానే ఒక గ్లాసు మజ్జిగ తాగుతా, తర్వాత గట్టు మీద ఒక చుట్టు తిరుగుతా" అనుకోవాలి. కొబ్బరి దింపు దగ్గర కాయ రాశి పోసి అందరూ బీడీ వెలిగించే వేళ "నేను నీళ్ళు తేవడానికి వెళ్తా" అనుకోవాలి. లాగడం మొదలైతే అది సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు చేతికి, నోటికి ఏదో ఒక పని దొరికితే చాలు.

టీ సంగతి ఒకటి చాలామందికి తెలియదు. పొగలోని పదార్థాల వల్ల లివర్ కెఫిన్‌ను తొందరగా కరిగించేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది. అప్పుడు ఎప్పటిలాగే ఆరు టీలు తాగితే గుండె దడ, చిరాకు, నిద్ర పట్టకపోవడం. దాన్ని సిగరెట్ లేని లోటని అనుకుని మళ్ళీ వెలిగిస్తారు. మానిన రోజు నుంచి టీ, కాఫీ సగానికి తగ్గించుకోవాలి.

మందుల సాయం తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఎవరి సాయమూ లేకుండా మానే ప్రయత్నాల్లో ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలిచేవి నూటికి మూడు నుంచి అయిదు, ఎక్కువమంది జారిపోయేది మొదటి ఎనిమిది రోజుల్లోనే. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు. నాలుగుసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. కాసేపయ్యాక మళ్ళీ నమలాలి. టీ, కాఫీ, నిమ్మరసం తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు, మందు ఒంటికి పట్టదు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలున్నాయి, అవి డాక్టర్ రాసిస్తేనే వాడాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు దేనికైనా ముందు డాక్టర్‌ను అడగాలి.

ఫోన్‌లో సలహా ఇచ్చే జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356, ఉచితం. 2018 సెప్టెంబర్ నుంచి ఇది సిగరెట్ పెట్టెల మీద అచ్చవుతోంది. లూజుగా కొనేవాళ్ళ కంట పడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

డబ్బును కూడా గట్టుగా వాడుకోవచ్చు. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో ద్వీపంలో ఒక బ్యాంకు, పొగ తాగేవాళ్ళ కోసం ఒక పొదుపు ఖాతా పెట్టింది. ఆరు నెలలు డబ్బు వేస్తూ పోవాలి, చివర మూత్ర పరీక్ష. పొగాకు ఆనవాలు లేకపోతే డబ్బు తిరిగొస్తుంది, ఉంటే మొత్తం ధర్మానికి పోతుంది. ఈ ఖాతా ఇవ్వజూపని వాళ్ళ కన్నా, ఇవ్వజూపిన వాళ్ళలో పరీక్ష నెగ్గినవాళ్ళు ఎక్కువ. ఏడాది తర్వాత చెప్పకుండా చేసిన పరీక్షలోనూ ఆ తేడా నిలిచింది. ఫలితాలు 2010లో వచ్చాయి. డ్వాక్రా సంఘాలు, చీటీలు ఇంత బాగా నడిచే మన జిల్లాల్లో ఇలాంటిది ఎందుకు చేయకూడదు? రోజుకు 100 రూపాయలు కాల్చేవాడు ఏడాదికి 36,500 కాలుస్తున్నాడు. ఆ డబ్బు భార్య పేరిట చీటీలో పడితే, సంఘంలో నలుగురూ కనిపెట్టుకుని ఉంటారు.

ఇల్లిల్లూ తిరిగి మాట్లాడితే తెలుగు నేల మీదే ఏం జరిగిందో మనకు సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఎక్కువ. ఆ జిల్లాతోపాటు కేరళ, గుజరాత్‌లలో ఒక్కో జిల్లా కలిపి 36,000 మంది పొగాకు వాడేవాళ్ళ దగ్గరికి ముంబైలోని టాటా పరిశోధన సంస్థ దంతవైద్యులు ఏటా వెళ్ళారు. నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని మాట్లాడారు. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, అలాంటి సలహా అందనివాళ్ళ కన్నా వీళ్ళలో మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు ఎక్కువ.

ఎలా మాట్లాడాలన్నదే అసలు ప్రశ్న. మావయ్యను ఒకసారి దగ్గుతో ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టర్ "మానకపోతే ఇంక నా దగ్గరికి రాకు" అన్నారు. మావయ్య ఆ మాట పాటించారు, మళ్ళీ ఆ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983 నుంచి చెబుతూ వచ్చిన పద్ధతి వేరు. ఊగిసలాడే మనిషిలో మానాలనే వాదన, వద్దనే వాదన రెండూ ఉంటాయి. మనం మొదటిది ఎత్తుకుంటే, అతను పట్టుదలకొద్దీ రెండోది ఎత్తుకుంటాడు. కాబట్టి మానాలనే మాట అతని నోటితోనే రానివ్వాలి.

పన్నెండో మాల ఏడాది అత్తయ్యకు ఈ సంగతి చెప్పాను. తిట్టడం ఆపి, మాలలో ఉండగానే ఒక సాయంత్రం అడిగిందట.

"ఏవండీ, ఈ నెల రోజులు ఒంట్లో ఎలా ఉంది?"

"తేలిగ్గా ఉందే. మెట్లెక్కితే ఆయాసం లేదు."

"మరి మాల తీశాక అది పోతే ఎలా ఉంటుంది?"

మావయ్య చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "పోకుండా ఉంటే బాగుణ్ణు. కానీ ఆ కొట్టు దగ్గరికి వెళ్తే ఆగలేనే" అన్నారట. అత్తయ్య "అయితే నువ్వే చెప్పు, ఏం చేద్దాం" అని మాత్రమే అందట. పాతికేళ్ళ కాపురంలో ఆయన్ను "నువ్వు" అనడం అదే మొదటిసారని తర్వాత నాతో చెప్పి నవ్వింది.

ఆ ఏడాది ఆయన గురుస్వామిని అడిగి ఒక ఏర్పాటు చేసుకున్నారు. మాల తీసినా పొగ నియమం తీయనని పీఠం ముందే చెప్పారు, మరో ముగ్గురు స్వాములు కలిశారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి నలుగురూ ఫోన్‌లో మాట్లాడుకునేవారు. సంక్రాంతి విందులకు అత్తయ్య పుట్టింటికి వెళ్ళకుండా కూతురి ఊరు వెళ్ళారు, అక్కడ పొగ తాగేవాళ్ళు లేరు. చెరువు గుడిసెలో అగ్గిపెట్టె ఉంచకుండా టార్చి పెట్టుకున్నారు. మాఘమాసంలో ఒక పెళ్ళిలో ఒకటి తాగారు. ఇంటికొచ్చి అత్తయ్యకు చెబితే "రేపు ఫోన్‌లో వాళ్ళకీ చెప్పండి" అంది. చెప్పారు. ఆ నలుగురిలో ఒకాయన మళ్ళీ మొదలుపెట్టేశారు, ముగ్గురు నిలిచారు.

లాకుల దగ్గర టీ కొట్టుకు మావయ్య మళ్ళీ వెళ్ళింది ఉగాది దాటాకే. కొట్టతను అలవాటుకొద్దీ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడట. మావయ్య దాన్ని అతని వైపు జరిపి, "టీ ఒక్కటే, పంచదార తక్కువ" అన్నారట.